సముద్రం దాకా ఒక గీత

కొక్కెం అడగడానికి వెళ్లిన హిసాయె గుమ్మం లోపల నిలబడిందే గానీ బూట్లు విప్పలేదు. విప్పితే లోపలికి రమ్మంటారు. లోపలికి వెళ్తే టీ పోస్తారు. ఆ ఇంట్లో టీ తాగాక ఇక ఆ మాట నోట రాదని ఆమెకు తెలుసు. అందుకే భుజాల మీది మంచు కూడా దులుపుకోకుండా, తలుపు పూర్తిగా మూయకుండా, తొందరపని మీద వచ్చినదానిలా నిలబడింది.

ఎదురింటి కింజో ముసలాయన ఏం పనిమీద వచ్చావని అడగలేదు. ముందురోజు సాయంత్రం ఒసనాయ్ ఇంట్లో వీధివాళ్లంతా కూర్చున్నారనీ, తనని పిలవలేదనీ ఆయనకు తెలుసు. మోకాళ్ల మీద చేతులు ఊని లేచి, గుమ్మం పక్కనున్న అరలోంచి ఇనప కొక్కెం తీశాడు. అది చేతికర్రంత పొడవుంటుంది. ముందే సిద్ధం చేసి పెట్టినట్టున్నాడు, పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఉంది. రెండు చేతులతో పట్టుకుని, తల వంచి అందించాడు.

"తుప్పు పట్టకుండా నూనె రాశానమ్మా. జాగ్రత్త, గ్లౌజులకి మసి అంటుకుంటుంది."

"మంచు కరిగేదాకానే, బాబాయ్. కరగ్గానే నేనే తెచ్చిస్తా," అంది హిసాయె.

మంచు కరిగాక ఆ కొక్కెంతో ఎవరికీ పనుండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ కొక్కెం వైపే చూశారు. లోపలి గదిలో పక్క మీంచి ఆయన భార్య కియో ఎవరొచ్చారని అడిగింది. హిసాయె వచ్చిందని ఆయన చెప్పాడు.

"టీ తాగి వెళ్లమనండి. పిల్ల చలిలో నిలబడింది."

అరవై దాటిన హిసాయెని ఇంకా పిల్ల అనే మనిషి ఆ ఊరు మొత్తంలో కియో పిన్ని ఒక్కతే. హిసాయె తను పనిచేసే ఆల్చిప్పల షెడ్డుకి టైమైందని గొణిగి, కొక్కెం చంకలో పెట్టుకుని బయటపడింది. షెడ్డు తెరవడానికి ఇంకా చాలా టైముంది. ఆ మాటకొస్తే ఆరోజు షెడ్డుకి సెలవు.

అవొమోరిలో రేవు దగ్గర్నుంచి సముద్రపు గోడ దాకా పోయే ఇరుకు వీధి వాళ్లది. పదీపన్నెండు ఇళ్లు. వీధి మధ్యలో, ఇనప మూతల కింద, మంచు పారేసే కాలువ ఉంది. పొద్దున పదింటికి పంపు గదిలో మనిషి సముద్రపు నీళ్లు వదులుతాడు. ఆ గంటలో ఎవరి గుమ్మం ముందు మూత వాళ్లు కొక్కెంతో లేపి, ఇంటిముందు మంచంతా అందులోకి తోసేస్తారు. నీళ్లు దాన్ని మోసుకుపోయి సముద్రంలో కలుపుతాయి. కొక్కెం లేని ఇంటికి మూత తెరుచుకోదు. మూత తెరుచుకోకపోతే మంచు పెట్టడానికి చోటే లేదు. పక్కవాళ్ల గోడవారకి ఒక పారెడు జరిపినా, పెళ్లిళ్లకి పిలుచుకునే ఇళ్లు కూడా మాట్లాడుకోవడం మానేస్తాయి.

కింజో చేసిన తప్పు తప్పే. మంచానికే పరిమితమైన కియోని స్నానం చేయించడానికి మంగళవారం, శుక్రవారం తొమ్మిదింటికి వ్యాన్ వస్తుంది. గుమ్మం దాకా దారి లేకపోతే చక్రాల కుర్చీ దొర్లదు. నీళ్లేమో పదింటికి గానీ రావు. ఒక మంగళవారం బాగా మంచు పడితే, కింజో తెల్లారుతుండగానే మూత లేపి, ఎండిపోయి ఉన్న కాలువలోకి మంచంతా తోసేశాడు. అది గట్టిపడి కూర్చుంది. పదింటికి నీళ్లొచ్చి, దారి దొరక్క వెనక్కి తన్ని, పల్లంలో ఉన్న ఒసనాయ్ గుమ్మంలోకి పొంగి, చూస్తుండగానే గడ్డకట్టాయి. ఒసనాయ్ భార్య జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కింజో మూడుసార్లు వెళ్లి నడుం వంచి క్షమాపణ చెప్పాడు. మూడోసారి ఒసనాయ్ తలుపు తీయలేదు.

సమావేశంలో కొక్కెం తీసేసుకుందామని ఒసనాయే అన్నాడు. మిగతావాళ్లు చాపల అల్లిక చూస్తూ కూర్చున్నారు. ఈ ఏడు వీధి పెద్ద వంతు హిసాయెది. అందరి మొహాలూ తన వైపు తిరిగేసరికి ఆమె, "సరే అయితే," అంది. నీళ్ల వేళ ముందుకి జరపమని పంపు గది మనిషిని అడిగితే పోలేదా అన్న మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది. ఒసనాయ్ భార్య చేతికున్న పిండికట్టు చూసి మింగేసింది.

*

ఆ తర్వాత కింజో మంచు సముద్రానికి మోయడం మొదలుపెట్టాడు.

మోయడానికి ఆయన దగ్గర పడవలాంటి ప్లాస్టిక్ తొట్టి ఒకటి ఉంది. దానికి ముందు తాడు. గుమ్మం ముందు మంచు అందులోకి ఎత్తి, వెడల్పాటి పార వెనకతో అదిమి, తాడు భుజం మీదుగా వేసుకుని, ముందుకి ఒంగి లాక్కుంటూ వీధి చివరిదాకా పోతాడు. సముద్రపు గోడకి ఒకచోట, పూర్వం పడవలు లాగిన చోట, సందు ఉంది. అక్కడ తొట్టి పక్కకి ఒరగదోసి, అడుగున అంటుకున్నది బూటుతో తన్ని రాల్చి, ఖాళీ తొట్టితో వెనక్కి వస్తాడు. జలసంధి దాటించే ఓడల మీద తాళ్లు పట్టిన మనిషి గనక లాగడం ఆయనకి కొత్త కాదు. కానీ అప్పుడు నలభై ఏళ్లలోపు వాడు.

హిసాయె కిటికీ తెర పక్కకి తీసి రోజూ చూసేది. చూడకుండా ఉండలేకపోయేది, చూసినందుకు తనమీద తనకే ఒళ్లుమండేది. పదయ్యేసరికి వీధిలో మూతలన్నీ టంగుటంగుమని లేచేవి. జనం గబగబా తోసుకుంటూ, ఆవిర్లు వదులుతూ, ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు. ఆ మధ్యలోంచే కింజో తొట్టి లాక్కుంటూ పోయేవాడు. మూతలు తెరిచి ఉన్నచోట ఆగి, అవతలివాళ్ల పనికి అడ్డం రాకుండా పక్కనించి తిప్పుకుని పోయేవాడు. ఎదురైన ప్రతివాళ్లకీ టోపీ కొద్దిగా ఎత్తి పలకరింపుగా తలాడించేవాడు. జనం కూడా తలాడించేవారు. ఎవరూ ఎవరినీ ఏమీ అనేవారు కాదు.

వ్యాన్ రావడం మాత్రం ఆగలేదు. ఆ వారం రెండుసార్లూ తొమ్మిదింటికి గుమ్మం ముందుదాకా వచ్చింది. చక్రాల కుర్చీలో, ముక్కు దాకా దుప్పటి కప్పుకుని పోతూ, కియో హిసాయె కిటికీ వైపు చెయ్యి ఊపింది. హిసాయె తెర వదిలేసింది.

ఆల్చిప్పల షెడ్డులో ఆమెది చిప్పలు ఒలిచే పని. ఉడికి నోరు తెరిచిన చిప్ప ఎడమ చేత్తో పట్టి, పల్చటి కత్తి లోపలికి పోనిచ్చి, ఒక్క తిప్పుతో తెల్లటి కండ విడదీసి తొట్లో వేయాలి. చేతులు వాటంతట అవే ఆడుతుంటే నోళ్లు ఖాళీగా ఉంటాయి. పక్కన ఒలిచే ఆవిడ, మీ వీధిలో ఎవరో ముసలాయన మంచు సముద్రానికి మోస్తున్నాడట, మతి చలించిందా ఏమిటని అడిగింది.

"ఆకలి బాగా వేస్తుందట, డాక్టరు చెప్పాడట," అంది హిసాయె.

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. హిసాయె కూడా నవ్వింది. ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. న్యూస్‌పేపర్లో చుట్టిన కొక్కెం బూట్ల అరలో, తన కొక్కెం పక్కనే ఉంది. దాన్ని అటు తిప్పి పెట్టింది. ఆదివారం మళ్లీ అందర్నీ పిలిచి మాట్లాడదామనుకుంది. ఆదివారం వచ్చేసరికి, సప్పోరోలో ఉన్న చెల్లెలు ఫుమికి కంటి ఆపరేషన్ తేదీ ఖాయమైంది. వచ్చాక చూద్దాంలే అనుకుంది.

ఆ వీధిలో చలికాలం నాలుగు రోజులు ఊరెళ్లేవాళ్లు ఎదురింట్లో చెప్పి వెళ్తారు. ఇల్లు కాస్త చూస్తుండండి అంటే చాలు, కప్పు మీద మంచు పేరుకుంటే ఎదురింటివాళ్లు ఎక్కి దింపుతారు. పెళ్లై ఆ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి హిసాయె ఎప్పుడు ఊరెళ్లినా కింజో వాళ్లకే చెప్పేది. వాళ్లూ ఆమెకే చెప్పేవారు. ఈసారి ఆమె కాళ్లు ఆ గుమ్మం వైపు పోలేదు. పల్లంలోకి నడిచి ఒసనాయ్‌కి చెప్పింది. ఒసనాయ్ గుండె మీద చెయ్యి వేసుకుని, ఇక మీరు నిశ్చింతగా వెళ్లిరండి అన్నాడు.

సోమవారం పెట్టె లాక్కుంటూ వీధి మలుపు తిరుగుతుంటే కింజో ఎదురయ్యాడు. ఖాళీ తొట్టి పక్కకి జరిపి ఆమెకి దారిచ్చాడు. కనుబొమల మీద మంచు పేరుకుని ఉంది.

"ఊరికా, అమ్మా?"

"అబ్బే, స్టేషన్ దాకా," అంది హిసాయె.

విమానాశ్రయం బస్సు స్టేషన్ దగ్గరే ఎక్కాలి కాబట్టి అది అబద్ధం కూడా కాదు. కింజో ఆమె పెట్టె వైపు ఒకసారి చూసి, జారుతుంది జాగ్రత్త అని చెప్పి, తాడు భుజాన వేసుకున్నాడు.

*

ఫుమికి ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పగానే అక్క మొహం దగ్గరికి లాక్కుని చూసి, "ఇన్ని ముడతలా! ఇన్నాళ్లూ నేనే ముసలిదాన్నయ్యాననుకున్నానే," అంది. అందరూ నవ్వారు. గదిలో టీవీ వాగుతూనే ఉంది. మంగళవారం, బుధవారం కూడా అవొమోరి తీరం మీద విడవకుండా మంచు పడుతోందని చెప్పారు. స్టేషన్ ముందు కార్లు దిబ్బలుగా కనిపించాయి.

హిసాయె వరండాలోకి వెళ్లి ఒసనాయ్‌కి ఫోన్ చేసింది. నేను చూసుకుంటానన్నాను కదా, మీరు మీ చెల్లెల్ని చూసుకోండి అన్నాడాయన. కప్పు మీది మంచు దింపించారా అని అడగాలనుకుంది. వీధి పెద్ద అయివుండి తొందరపెట్టినట్టుంటుందని అడగలేదు. కింజో వాళ్ల సంగతి అసలే అడగలేదు. మంగళవారం వ్యాన్ వచ్చిందో లేదో అని మాత్రం మనసులో పీకింది.

బయల్దేరే ముందు ఫుమి కూతురు చిహారు ఆమెని మిఠాయి దుకాణానికి తీసుకెళ్లింది. ఊరెళ్లి వచ్చేవాళ్లు ఇల్లు చూసినవాళ్లకి ఏదో ఒకటి తేవాలి. హిసాయె ఒసనాయ్‌కని ఒక డబ్బా తీసుకుంది.

"ఎదురింటి అమ్మమ్మకి తీసుకోవా, పెద్దమ్మా? ఎప్పుడూ తీసుకుంటావుగా."

"తీపి మానేశారులే వాళ్లు," అంది హిసాయె.

*

గురువారం మధ్యాహ్నం విమానం చిన్నది. ఎక్కేటప్పుడే చెప్పారు, అక్కడ రన్‌వే మీద మంచు తీస్తున్నారు, దిగడానికి వీలుకాకపోతే వెనక్కి వస్తాం అని. వచ్చేటప్పుడు హిసాయెకి నడవ పక్క సీటు పడింది, బయటంతా మబ్బే. ఇప్పుడు కిటికీ పక్కన పడింది. నడుం పట్టేస్తుందని రైలు వద్దని చిహారు కొనిపెట్టిన టికెట్లవి. ఆమె తన ఊరిని పైనుంచి ఎప్పుడూ చూడలేదు.

జలసంధి దాటాక మబ్బు విడిపోయింది. కింద అఖాతం నల్లగా, కదలకుండా ఉంది. దాని అంచునుంచి ఊరు మొదలైంది. హిసాయె మొదట గుర్తుపట్టలేదు. ఇళ్లు, దారులు, పొలాలు అన్నీ ఒకే తెలుపు కింద పడుకుని ఉన్నాయి. పీట మీద పిండి జల్లి, ఇంకా చెయ్యి పెట్టకముందు ఉన్నట్టుంది. అంత మంది మనుషులుండే ఊళ్లో ఒక్కరూ కనిపించలేదు. ఎవరూ లేకపోయినా ఇలాగే ఉంటుందనిపించి ఆమెకి భయమేసింది. కిటికీ అద్దానికి నుదురు ఆనించింది.

రన్‌వే ఇంకా సిద్ధం కాలేదని, కాసేపు ఊరి మీదే తిరుగుతామని మైకులో చెప్పారు. విమానం ఒక పక్కకి ఒరిగింది. ముందు అలలకి అడ్డంగా కట్టిన గోడ కనిపించింది, కొస వంకర. దాని పక్కన ఓడల రేవు. ఆ పక్కన చేపల బజారు పొడుగాటి కప్పు. అక్కణ్ణుంచి వేలితో అద్దం మీద వెతుక్కుంటూ వస్తే వాళ్ల వీధి దొరికింది. వీధి మొత్తం మీద ఒక్క కప్పు ఎర్రగా ఉంది. మిగతావన్నీ తెల్లగా ఉన్నాయి.

ఆ ఎరుపు ఆమె ఇంటిదే. ఆ రంగు వేయించినప్పుడు, ఇల్లు పెదాలకి రంగు వేసుకుందని కియో పిన్ని వారం రోజులు ఏడిపించింది. కప్పు మీది మంచు శుభ్రంగా, చూరుదాకా దింపేసి ఉంది. ఒసనాయ్ మాట నిలబెట్టుకున్నాడు అనుకుంది హిసాయె. ఒళ్లో సంచిలో ఉన్న డబ్బాని తడిమి చూసుకుంది. రెండు డబ్బాలు తీసుకోవలసింది అని కూడా అనుకుంది.

విమానం పొలాల మీదుగా చుట్టు తిరిగి మళ్లీ వచ్చింది. ఈసారి ఆమె ముందే సిద్ధంగా ఉంది. అప్పుడు గీత కనిపించింది.

వీధి మధ్యలోంచి సముద్రపు గోడ సందు దాకా బూడిదరంగు గీత ఒకటి ఉంది. ఆ తెలుపులో అదొక్కటే మనిషి చేసిన గుర్తు. గీత కొసన, నల్లటి నీళ్లలోకి, మురికి మంచు నాలుకలా చాచి ఉంది. అది కింజో దారి. రోజూ కిటికీలోంచి చూసింది కాబట్టి గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు. ఎంత దూరమో మాత్రం కిటికీలోంచి ఎప్పుడూ తెలియలేదు. పైనుంచి చూస్తే వీధి మొత్తం కన్నా ఆ గీతే పొడుగ్గా కనిపించింది.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె గీత మొదలెక్కడో చూసింది. రెండు పాయలుగా మొదలైంది. ఒక పాయ కింజో గుమ్మం నుంచి వచ్చింది. రెండోది, ఇంకా వెడల్పుగా, ఇంకా నల్లగా, ఎర్ర కప్పు ఇంటి నుంచి వచ్చింది.

ఒసనాయ్ దింపించి ఉంటే ఆమె కప్పు మీది మంచు కాలువలో పడేది. సముద్రం దాకా లాగాల్సిన ఖర్మ కొక్కెం లేనివాడికే ఉంది. కింజో కప్పు చూసింది. అది తెల్లగా, గుండ్రంగా, బరువుగా ఉంది. ఆయన తన ఇంటిది వదిలేసి ఆమె ఇంటిది దింపాడు. పారెడు పారెడుగా దింపి, తొట్టికెత్తి, అంత దూరం లాక్కుపోయాడు. కొక్కేలు రెండూ ఆమె బూట్ల అరలో ఉన్నాయి. హిసాయె ముందు సీటు వీపుకి తల ఆనించింది. పక్క సీటు ఆయన ఒంట్లో బాలేదా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

వీధి మొదట్లో పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగి ఆరుతోంది. మంచు తోసే బండి వచ్చినట్టుంది, ఇప్పటికైనా వచ్చింది అనుకుంది. దిగగానే పెట్టె కూడా లోపల పెట్టకుండా ఎదురింటికి వెళ్తాను. బూట్లు విప్పుతాను. కొక్కెం ఇచ్చేసి టీ తాగుతాను. ఒసనాయ్ ఏమన్నా సరే. ఆ వరస మనసులో రెండుసార్లు అనుకుంది. దీపం వెలుగుతూ ఆరుతూ ఉండగానే మబ్బు కమ్మేసింది.

రన్‌వే మీద మళ్లీ మంచు పడుతోందని, వెనక్కి వెళ్తున్నామని మైకులో చెప్పారు. జనం ఉసూరుమన్నారు. హిసాయె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. బయట ఇంకేమీ కనిపించలేదు.

*

మర్నాడు రైల్లో, సముద్రం కింది సొరంగంలోంచి, మధ్యాహ్నానికి ఊరు చేరింది. వీధిలోకి రాగానే పెట్టె తన గుమ్మం ముందు పడేసి, లోపలికి వెళ్లి కొక్కెం తీసుకుని, రోడ్డు దాటింది.

కింజో గుమ్మం ముందు మంచు మోకాలి లోతున, అడుగుల జాడ లేకుండా ఉంది. తలుపుకి బయటనుంచి గడియ. పిలిచింది. కప్పు బరువుకి లోపలెక్కడో దూలం కిర్రుమంది. వెనక్కి తిరిగేసరికి ఒసనాయ్ పల్లంలోంచి ఎక్కి వస్తున్నాడు. ఈమధ్య మోకాలు వాచి కుంటుతున్నాడు. ఆమె అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. మంగళవారం మంచుకి వ్యాన్ వీధిలోకే రాలేక తిరిగిపోయింది. బుధవారమంతా ముసలాయన ఆమె కప్పు మీదే ఉన్నాడు. ఆ రాత్రి నడుం పట్టేసింది. గురువారం నర్సు నడుచుకుంటూ వచ్చి చూస్తే, ఆయన వంగలేడు, ఆవిడని లేపలేడు, పొయ్యి కూడా వెలిగించి లేదు. అప్పటికప్పుడు లోపలి ఊళ్లో వృద్ధాశ్రమానికి ఫోన్ చేసింది. ఆవిడకి అక్కడ మంచం దొరికింది. ఆయన అక్కడికి దగ్గర్లోనే ఉన్న బావమరిది ఇంట్లో ఉంటాడట. మంచు కరిగేదాకా అన్నారు.

మంచు కరిగేదాకా అన్నప్పుడు ఒసనాయ్ ఆమె మొహం చూడలేదు.

"నేను చేయించేవాణ్ణే హిసాయె గారూ. మనిషి కోసం తిరిగాను. ఊరంతా అదే పని, ఒక్కడూ దొరకలేదు. నా మోకాలు చూస్తున్నారుగా. తాతకి చెప్పాను కూడా, దిగవయ్యా, ఆ ఇల్లు నాకు అప్పజెప్పి వెళ్లింది అని."

"ఏమన్నాడు?"

"నిప్పు లేని ఇంటి మీద మంచు కరగదు, ఆ కప్పు ముందు దింపాలి, లేకపోతే కుంగి కూర్చుంటుంది అన్నాడు." ఒసనాయ్ ముక్కు తుడుచుకున్నాడు. "తనకెప్పుడూ చెప్పే వెళ్తుందట. ఈసారి తొందరలో మర్చిపోయి ఉంటుందన్నాడు."

హిసాయె కొక్కెం చంకలోకి మార్చుకుంది. మలుపులో కింజో తన పెట్టె వైపు చూసిన చూపు గుర్తొచ్చింది.

"ఏ టైముకి వెళ్లారు?" అని అడిగింది చివరికి.

నిన్న మూడింటప్పుడన్నాడు ఒసనాయ్. వ్యాన్ లోపలికి రాలేక వీధి మొదట్లోనే దీపం వేసుకుని ఆగిందట. కియోని దుప్పట్లో చుట్టి, ఆ తొట్టిలోనే పడుకోబెట్టి, డ్రైవరూ నర్సూ అక్కడిదాకా లాగారట. తాడు తనే పట్టుకుంటానని ముసలాయన గొడవపడ్డాడట. పైన ఏదో విమానం తిరుగుతోందనీ, కియో ఆకాశంలోకి చూస్తూ పోయిందనీ అన్నాడు.

తొట్టి హిసాయె గోడకి ఆనించి ఉంది. తాడు చక్కగా చుట్టి, దానిమీద పెట్టి ఉంది.

*

ఆ సాయంత్రమే హిసాయె వీధివాళ్లని తన ఇంటికి పిలిచింది. టీ పోసి, ఒసనాయ్‌కని తెచ్చిన మిఠాయి డబ్బా అందరి మధ్యా విప్పింది. తల వంచుకుని చెప్పింది.

"నీళ్లు పదింటికి కాకుండా ఎనిమిదింటికి వదలమని పంపు గదిలో అడుగుతాను. మీరేమంటారు?"

ఎవరూ అడ్డు చెప్పలేదు. అదే నయం, మాకూ పనులకి పోవడానికి వీలు అన్నారు ఒకరిద్దరు. అసలు పదిగంటలన్నది ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. పంపు గది మనిషి కూడా ఫోన్లో, దానిదేముంది, రేపట్నుంచే అన్నాడు. టీ ఇంకా ఆవిర్లు కక్కుతూనే ఉంది. ఒసనాయ్ భార్య పిండికట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని, ముందే అడిగి ఉంటే అయిపోయేది కదా అంది. ఆవిడ మామూలుగానే అంది. మిఠాయి చేతిలో పట్టుకున్నవాళ్లు తినలేదు, డబ్బాలో తిరిగి పెట్టనూ లేదు.

రాత్రి మళ్లీ మంచు పడింది. తెల్లారి హిసాయె బయటికొచ్చేసరికి సముద్రం దాకా ఉన్న గీత పూడిపోయి, వీధి ఒక్కటిగా తెల్లగా ఉంది. సరిగ్గా ఎనిమిదింటికి మూతల కింద నీళ్లు గలగలమంటూ వచ్చాయి. ఇళ్లముందు జనం తయారయ్యారు. ఆమె తన మూత దగ్గరికి పోలేదు. రోడ్డు దాటి, కింజో గుమ్మం ముందు మంచు పారతో తవ్వి మూత బయటపెట్టింది. రోజుల తరబడి తెరవలేదు కాబట్టి చుట్టూ ఐసు పట్టి ఉంది. మడమతో తన్ని ఐసు వదలగొట్టింది. న్యూస్‌పేపరు విప్పి, కొక్కెం రంధ్రంలో వేసి, మోకాళ్లు వంచి లాగింది.

మూత లేచింది. కింద నల్లటి నీళ్లు వేగంగా పోతున్నాయి. మొదటి పారెడు అందులోకి తోసి, ఊపిరి తీసుకోవడానికి ఆగింది. కొక్కెం మీద నూనె ఇంకా ఆరలేదు. ఆయన చెప్పినట్టే తెల్ల గ్లౌజుకి మసి అంటుకుంది.